ఏ మొక్కూ లేని నడక

సౌదీ అరేబియా వెళ్లొచ్చానని చెబితే మనవాళ్లు రెండే ప్రశ్నలు అడుగుతారు. ఎండ ఎంత, బంగారం ఎంత. జనవరి చివర్లో మూడు రోజుల పాటు స్వెట్టరు వేసుకుని, పొగమంచులో తడుస్తూ, పూసిన బాదం చెట్ల మధ్య నడిచానంటే నా మొహంలోకి అనుమానంగా చూస్తారు. ఎందుకు నడిచారని అడుగుతారు. ఊరికే అంటాను. దాంతో నా మాట మీద మిగిలిన కాస్త నమ్మకం కూడా పోతుంది.

మన దేశంలో మనిషి కొండెక్కితే దేవుడికి మొక్కు ఉండాలి, ఊళ్లు తిరిగితే ఎన్నికలు ఉండాలి, తెల్లవారుజామున నడిస్తే షుగరు ఉండాలి. ఈ మూడూ లేకుండా నడిచేవాణ్ని కుక్కలు కూడా నమ్మవు. ఇది మన దేశపు జబ్బే అనుకునేవాణ్ని. సముద్రం దాటాక తెలిసింది, ఇది అంతర్జాతీయం.

షరఫియాలో పరోటా

జెద్దాలో షరఫియా అనే పేట ఉంది. శుక్రవారం సాయంత్రం అక్కడ నిలబడితే దర్జీ కొట్ల ముందు, ఇంటికి డబ్బు పంపే కౌంటర్ల ముందు మన జిల్లాల యాసలన్నీ వినబడతాయి. ఒక మలయాళీ హోటల్లో నాకోసం ముందే పరోటా చెప్పి పెట్టుకుని కూర్చున్నాడు ఖాదర్ బాషా.

రాయచోటి కాలేజీలో నేను ఇంటర్ పిల్లలకు లాజిక్ చెప్పే రోజుల్లో ఖాదర్ నా విద్యార్థి. ఆ సబ్జెక్టు రెండుసార్లు తప్పాడు. ఇప్పుడతనికి నలభై దాటాయి. పదిహేనేళ్లుగా ఒకే కఫీల్ ఇంట్లో డ్రైవరు. కఫీల్ అంటే వీసా ఇచ్చి, ఈ దేశంలో మనిషికి పూచీ పడే యజమాని. ఆయన ఉండమంటే ఉండాలి. వద్దంటే ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని విమానం ఎక్కాలి.

“నా పని అయిపోయినట్టే సార్,” అన్నాడు ఖాదర్.

“ఏమైందిరా?”

“మేడమ్ లైసెన్సు తీసుకునింది. పెద్దమ్మాయి తీసుకునింది. ఇప్పుడు చిన్నమ్మాయి నేర్చుకుంటాంది. నేర్పిస్తాండేది నేనే. ఆ పాప పాసైన రోజు నాకు టికెట్టే సార్.”

నేను నమలడం ఆపాను. ఈ దేశంలో ఆడవాళ్లకు కారు నడిపే హక్కు వచ్చినప్పుడు నేనొక పత్రికలో నాలుగు పేజీల వ్యాసం రాశాను. స్టీరింగు పట్టిన చెయ్యి సంకెళ్లు తెంచుతుందని అందులో గర్జించాను. దాన్ని ఖాదర్‌కు వాట్సాప్‌లో పంపితే బొటనవేలి బొమ్మ పెట్టాడు. ఆ సంకెళ్లు తెగి ఎవరి నెత్తిన పడతాయో ఆలోచించే ఓపిక అప్పట్లో నాకు లేదు.

“నా వ్యాసం చదివి నీకు కోపం రాలేదా?”

“ఎందుకొస్తాది సార్? వాళ్ల కారు వాళ్లు నడుపుకుంటే మంచిదే కదా. నాకు ఇంకో పని కావాల, అంతే.”

ఆ ఇంకో పని కూడా అతడే కనిపెట్టాడు. కఫీల్‌కు అల్ బాహా వైపు కొండల్లో తాతల నాటి రాతి ఇల్లు ఉంది. కుటుంబం జెద్దాలోనే ఉన్నా, రిటైరైన కఫీల్ ఆ పక్కనే కొత్త ఇల్లు కట్టుకుని ఉంటున్నాడు. పాతది తాళం వేసి ఉంది. చుట్టూ ఊరి నుంచి ఊరికి పాత కాలిబాటలు. ఇప్పుడు ఈ దేశానికి టూరిస్టులు వస్తున్నారు. వాళ్లలో నడిచేవాళ్లుంటారు. పాత ఇంటిని వాళ్లకోసం తెరిచి, వండిపెట్టి, దారి చూపించే పనికి ఖాదర్‌ను మార్చొచ్చు. కఫీల్ ఇది విని పకపకా నవ్వాడట. రోడ్డు ఉండగా ఎవడు నడుస్తాడు, ఏ కారణమూ లేకుండా మూడు రోజులు నడిచే ఒక్క మనిషిని చూపించు, నీ ఇఖామాలో, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే కార్డులో, పని మార్పిస్తాను అన్నాడట.

“నాకు తెలిసిన వాళ్లందర్నీ తలుచుకున్యా సార్,” అన్నాడు ఖాదర్ నా ప్లేట్లో ఇంకో పరోటా వేస్తూ. “కారణం లేకుండా ఏమైనా చేసే మనిషి యాడుండాడబ్బా అనుకుంటే, మీరే కనిపిస్తిరి.”

ఇది పొగడ్తగానే స్వీకరించాను.

బయలుదేరిన చోటికే రావడం గురించి

సముద్రం పక్కన ఎండలో మొదలైన కారు, సొరంగాల వెంట సొరంగాలున్న ఘాట్ రోడ్డెక్కి, మంచులో తేలింది. ఊరి పేరు రాయను. రాస్తే మీరు కార్లేసుకుని పోతారు.

కఫీల్‌ను ఖాదర్ బాబా అంటాడు. మిగతా అందరూ అబూ ఫైసల్ అంటారు, ఫైసల్ నాన్న అని. మనలాగే పెద్ద కొడుకు పేరుతో పిలవడం. విద్యాశాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. పొడవాటి తెల్ల చొక్కా మీద కోటు, కాళ్లకు చెప్పులు, చేతిలో ఎప్పుడూ ఒక ఖర్జూరపు గింజ. ఆయనకు ఇంగ్లీషు వచ్చు. ఎందుకంటే వయసులో ఉండగా ట్రైనింగుకని ఆరు నెలలు ఇంగ్లండులో ఒక పల్లెటూళ్లో ఉన్నాడు. ఆ ఆరు నెలల బాధ ఆయన్ని ఇంకా వదల్లేదు.

“ప్రతి ఆదివారం నేను అద్దెకున్న ఇంటివాళ్లు మొగుడూ పెళ్లాం రబ్బరు బూట్లు వేసుకుని, కర్రలు పట్టుకుని, వానలో బయలుదేరేవాళ్లు. ఆవుల మధ్య నుంచి, బురదలో, కంచెల మీదెక్కి దిగుతూ. పాపం కారు చెడిపోయిందనుకుని టాక్సీకి డబ్బులిస్తానన్నాను. మూడో వారం నన్నూ తీసుకుపోయారు. నాలుగు గంటలు నడిచాం. ఎక్కడికి చేరామో తెలుసా?”

“ఎక్కడికి?”

“వాళ్ల ఇంటికే!” అని గింజను నేలకేసి కొట్టాడు. “అదే గుమ్మం, అదే కుక్క. బయలుదేరిన చోటికే రావాలంటే ఇంట్లో కూర్చుంటే సరిపోదా?”

“ప్రయోజనం లేని పని చేయగలగడమే మనిషి గొప్పతనం,” అన్నాను నేను, సభల్లో వాడే గొంతుతో.

“నా మేకలు రోజంతా ప్రయోజనం లేకుండానే తిరుగుతాయి,” అన్నాడాయన.

మంచి ప్రత్యర్థి దొరికాడని నాకు ఒళ్లు పులకరించింది. షరతులు కుదిరాయి. ఈ పాత ఇంటి గడప నుంచి బయలుదేరి, చుట్టూ మూడు ఊళ్లు తిరిగి, మూడోరోజు మళ్లీ ఇదే గడపకు రావాలి. కారు ఎక్కకూడదు, గాడిద ఎక్కకూడదు. నడకకు జీతం గానీ, వైద్యం గానీ, భక్తి గానీ కారణం కాకూడదు. పాత పరీక్ష పేపరు వెనకాల ఆయనే దారి పటం గీసి ఇచ్చాడు.

మొదటి రోజు: తొమ్మిది కప్పులు

మొదటి కిలోమీటరు దాటేలోపే పదకొండు కార్లు ఆగాయి. ఆ కొండల్లో నడిచే మనిషిని దాటుకుని కారు పోనివ్వడం ఆ కారున్నవాడికే కాదు, వాడి వంశానికే తలవంపులు. అద్దం దిగుతుంది, తల బయటికొస్తుంది, ఎక్కమంటుంది. ఖాదర్ పక్కనుండి జవాబు చెప్పేవాడు.

“ఏమంటున్నాడు?”

“కారు యాడ చెడిపోయింది పాపం అంటాండాడు సార్.”

“చెడిపోలేదని చెప్పు.”

“చెప్పినా. అయితే మీ కఫీల్ మంచోడు కాదా అంటాండాడు.”

మన దగ్గర రోడ్డు మీద పడిపోయినవాణ్ని చుట్టుముట్టి ఫొటోలు తీస్తారు. ఇక్కడ నిటారుగా నడిచేవాణ్ని కూడా వదలరు. ఒక పెద్దమనిషి మేం ఎక్కకపోయేసరికి వెళ్లిపోయి, వెనక్కి వచ్చి, రెండు నీళ్ల సీసాలూ ఒక దుప్పటీ చేతిలో పెట్టి పోయాడు. దుప్పటి మోయలేక చచ్చాం.

ఒక ఇంటివాళ్లు కాఫీ తాగి వెళ్లాల్సిందేనన్నారు. లేత పసుపు రంగులో, యాలకుల వాసనతో, పాలూ చక్కెరా లేని కాఫీ. పిడి లేని బుల్లి కప్పు. పక్కన ఖర్జూరాలు. నేను తాగగానే ఆ ఇంటి పెద్దాయన మళ్లీ పోశాడు. పోసింది వదిలేస్తే తప్పని మళ్లీ తాగాను. మళ్లీ పోశాడు. మన ఇళ్లలో విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టినట్టు కప్పు మీద అరచెయ్యి పెట్టాను. ఆయన వేళ్ల సందుల్లోంచి పోశాడు. తొమ్మిదో కప్పు తర్వాత నా గుండె చప్పుడు నాకే వినబడింది.

బయటికొచ్చాక ఖాదర్ అన్నాడు. “కప్పు ఇట్ల రవ్వంత ఊపితే చాలని అర్థం సార్.”

“మరి చెప్పవేరా!”

“మీకు కాఫీ ఇష్టమేమో అనుకున్యా.”

మధ్యాహ్నం పొలం గట్టు మీద కూర్చుని రొట్టె విప్పాం. దిండంత మందాన, వేడి రాళ్ల కింద కాల్చిన రొట్టె. అప్పుడొచ్చాడు ఆయన. కుక్కమూతి, భుజాల మీద బూడిదరంగు జూలు, వెనకాల నలభై మంది పరివారం. కోతే. కానీ కూర్చున్న తీరు ఊరి మునసబుది. నిదానంగా వచ్చి సంచీ అందుకున్నాడు. “పెట్టు! కింద పెట్టు!” అని నేను క్లాసులో అరిచినట్టు అరిచాను. సంచీలోంచి నా మేజోడు తీసి వాసన చూసి, నా వైపు ఒక చూపు చూసి, దాన్ని విసిరికొట్టాడు. రొట్టె, అబూ ఫైసల్ గీసిన పటం మాత్రం పట్టుకుని వెళ్లాడు. ఇన్నేళ్ల నా ప్రసంగాల్లో ఎవరూ ఇంత నిర్మొహమాటంగా లేచిపోలేదు.

ఆ రాత్రి పడుకోవడానికి బాదం తోటలో పనిచేసే ఒక పఠాన్ తన గది ఇచ్చాడు. నన్ను ఎగాదిగా చూసి, “కఫీల్ సే భాగ్ కే ఆయా క్యా?” అని ఖాదర్‌ను అడిగాడు. పారిపోలేదు, ఊరికే తిరుగుతున్నాడని ఖాదర్ చెప్పాడు. పఠాన్ చాలాసేపు ఆలోచించి, నేను పోలీసులకు చెప్పను అని, నాకు రెండు రొట్టెలు ఎక్కువ వేశాడు.

రెండో రోజు: వంటింటి గుమ్మం

పొద్దున్నే కఫీల్ నుంచి ఫోను వచ్చింది. కొత్తింటి నీళ్ల మోటారు తిరగడం లేదు, ఖాదర్ రావాలి. నేను ఒంటరివాణ్నయ్యాను. పటం కోతి దగ్గరుంది. ఫోనులో నడక దారి అడిగితే కార్లు పోయే రోడ్డునే చూపించి, కారులో ఎంతసేపు పడుతుందో చెప్పింది. ఫోనుకు కూడా నమ్మకం లేదు.

రోడ్డు పక్కన తేనె అమ్మే ముసలాయన ఒకడున్నాడు. దారి అడిగితే ముందు తేనె నాకించాడు. కిలో మూడు వందల రియాళ్లు. మన డబ్బులో ఏడు వేలు దాటిందని లెక్క తేలేసరికి, నాలుక మీది తేనె మింగాలో దాచుకోవాలో తెలియలేదు. కొనలేదు. ఆయన కోపగించుకోలేదు, పైగా తన మనవడి కారులో దింపిస్తానన్నాడు. పరుగెత్తాను.

రెండో ఊళ్లో దొరికిపోయాను. అబూ సాలిం అనే పెద్దాయన, ఆయన ఇద్దరు కొడుకులు నన్ను రెండు రెక్కలూ పట్టుకుని ఇంట్లోకి తీసుకెళ్లారు. గోధుమపిండి ముద్ద, దాని నడుమ నెయ్యి గుంట, చుట్టూ తేనె. పెళ్లి భోజనంలా పెట్టారు. కప్పు ఊపడం ఇప్పుడు నాకొచ్చు కాబట్టి కాఫీ దగ్గర గెలిచాను. కానీ బయటికి వచ్చేసరికి నా సంచీ కారులో ఉంది. పెద్దకొడుకు ఇంజను స్టార్టు చేసి ఉన్నాడు. చిన్నకొడుకు తలుపు తీసి, రెండో చేత్తో నా నడుం పట్టుకుని మెల్లగా లోపలికి తోస్తున్నాడు. ఖాదర్ ఉద్యోగం అంగుళం అంగుళం చొప్పున కారులోకి జారిపోతోంది. ఇంగ్లీషులో బతిమాలాను. వాళ్లు నవ్వుతూ తోశారు.

“వద్దు బాబోయ్! నన్నొదిలెయ్యండి!” అని అరిచాను.

పక్క వంటింటి గుమ్మంలోంచి గిన్నె కిందపడ్డ చప్పుడు వినబడింది.

“అయ్య బాబోయ్! తెలుగోళ్లాండీ?”

ఆమె పేరు సత్యవతి. రాజోలు దగ్గర పల్లె. ఆ ఇంట్లో వంటపని చేస్తోంది. తెలుగు మొహం చూసి ఏడాది దాటిందట. నా నడుం ఇంకా వాళ్ల చేతిలో ఉండగానే యోగక్షేమాలన్నీ అడిగింది.

“అమ్మా, నేను కారెక్కను, నడిచే వెళ్తానని వీళ్లకు చెప్పు.”

“ఎందుకండీ నడవడం?”

“ఊరికే.”

“ఊరికే ఎవరు నడుస్తారండీ? ఏం మొక్కుకున్నారేంటి?”

“నాకు మొక్కులు లేవమ్మా. నేను నాస్తికుణ్ని.”

“అలాగేనండి,” అంది, చిన్నపిల్లాడు చెప్పింది విన్నట్టు. ఆ ఇంటివాళ్ల వైపు తిరిగి అరబీలో గడగడా నాలుగు ముక్కలు చెప్పింది.

ఇంజను ఆగిపోయింది. నా నడుం మీది చెయ్యి తీసేశారు. పెద్దకొడుకు సంచీ తెచ్చి రెండు చేతులతో నా భుజానికి తగిలించాడు. అబూ సాలిం గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచాడు.

“ఏం చెప్పావమ్మా?”

“మొక్కని చెప్పేశానండి. వీళ్లకీ ఉంటాయి. ఆ మాటంటే ఇంక ఎవరూ ఆపరండి.”

నా నెత్తురు మరిగిపోయింది. “అమ్మా, ముప్ఫై ఏళ్లు నేను మొక్కులకు వ్యతిరేకంగా ఊరూరా ఉపన్యాసాలు ఇచ్చాను! తలనీలాలు ఇవ్వొద్దని గుడి మెట్ల మీద కరపత్రాలు పంచాను! ఒకసారి కొట్టారు కూడా!”

“మరే, కొడతారు కదండీ,” అంది సత్యవతి జాలిగా. “అవన్నీ మీరు మనూరెళ్లాక చెప్పుకోండి. ఇప్పుడు మీరు కారెక్కకుండా నడవాలా, అక్కర్లేదా?”

ఇంతకంటే సూటిగా నన్నెవరూ ఏ వేదిక మీదా అడగలేదు. లోపలికెళ్లి ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చి ఇచ్చింది. చింతకాయ పచ్చడి. “తమ్ముడు పంపాడండి. తీసుకోండి, పర్లేదు.” నేను నోరు మూసుకుని నడిచాను. నిజం తెలిసి నోరు మూసుకోవడాన్ని ఏమనాలో నా వ్యాసాల్లో చాలా చోట్ల రాశాను. ఇక్కడ మళ్లీ రాయను.

అద్భుతం

ఆ తర్వాత దారి స్వర్గంలా ఉంది. నాస్తికుడు వాడాల్సిన మాట కాదు, అయినా అలాగే ఉంది. కార్లు దగ్గరికొచ్చి నెమ్మదించేవి, డ్రైవర్లు గుండె మీద చెయ్యి పెట్టుకుని దాటిపోయేవారు. సత్యవతి మాట నాకంటే ముందు ఫోన్లలో నడుస్తోంది. మెట్లు మెట్లుగా దిగిన పొలాల్లో బాదం పూలు రాలుతున్నాయి. పాడుబడిన రాతి బురుజుల మీద మంచు కూర్చుని ఉంది. ఒక గంటసేపు నేను నిజంగానే ఊరికే నడిచాను.

మూడో ఊరి ముందు ఒక ముసలమ్మ దారికడ్డంగా నిలబడింది. ఏదో చెబుతోంది, ఆకాశం చూపిస్తోంది, మేకలా అరిచి చూపిస్తోంది. మేక తప్పిపోయిందని, తన తరఫున దువా చెయ్యమని అర్థమైంది. నేను చెయ్యను, చెయ్యలేను అని చేతులు రెండూ పైకెత్తి ఊపాను. ఆమె ఆ ఎత్తిన చేతులనే చూసి, తృప్తిగా తలూపి పక్కకు తొలగింది.

రెండు వందల అడుగుల్లో మలుపు తిరగ్గానే మేక ఉంది. బ్రహ్మజెముడు పొద తింటోంది. ఆమె మలుపు అవతల వెతకలేదు, నేను మలుపు అవతలికి వెళ్లాను. ఇందులో జరిగింది అంతే. తాడు పట్టుకుని వెనక్కి లాక్కొచ్చి అప్పగించాను. ఆమె నా నుదుటి మీద ముద్దుపెట్టుకుంది. ఆ మధ్యాహ్నం మూడో ఊళ్లో పసిబిడ్డల్ని నా దగ్గరికి ఎత్తుకొచ్చారు.

మా ఊళ్లో మహత్తులు చూపే బాబాల మోసాలు బయటపెట్టడానికి నేను వారాల తరబడి వాళ్ల చుట్టూ తిరిగేవాణ్ని. పాపం, వాళ్లలో ఒకరిద్దరైనా మలుపు తిరిగితే మేక కనిపించినవాళ్లేమోనని ఆ రోజు మొదటిసారి అనిపించింది.

మూడో రోజు: మెట్ల దారి

పాత ఇంటికి ఇక గంట నడక ఉందనగా తెల్లకారు ఎదురొచ్చింది. నడుపుతున్నది ఖాదర్. పక్క సీట్లో అబూ ఫైసల్.

“నిన్ను నమ్మాను,” అన్నాడాయన అద్దం దించి. “నువ్వు మొక్కు కోసం నడుస్తున్నావు. ఊళ్లన్నీ చెబుతున్నాయి. మేక కూడా దొరికిందట! మొక్కు కోసం ఎవడైనా నడుస్తాడు. ఇది లెక్కలోకి రాదు.”

“నాకు మొక్కు లేదు. ఆ మాట అబద్ధం. నేను ఖండించకపోవడం నా తప్పు.”

“మొక్కు లేదని రుజువు చెయ్యి.”

“ఉందన్నవాళ్లే రుజువు చెయ్యాలి.”

“ఉందన్నది నీ దేశపు మనిషి. నాకు సాక్షి ఉంది. నీకెవరున్నారు?” అని, తలుపు తీశాడు. “సరే, ఎక్కు. మొక్కు లేనివాడికి కారెక్కితే ఏం పోతుంది?”

“ఎక్కితే పందెం పోతుంది.”

“ఎక్కకపోతే మొక్కు ఉన్నట్టే.”

ఎటు లాగినా బిగిసే ఇలాంటి ముడిని నేను బోర్డు మీద ఎన్నోసార్లు గీసి చూపించాను. లోపల కూర్చుని చూడటం అదే మొదలు. నడక సాగించాను. కారు నా పక్కనే పాకింది. ఇంజను చప్పుడులో నా జవాబులు ఆయనకు వినబడటం లేదు. రెండుసార్లు ఏంటీ అని అడిగి, విసుగొచ్చి, “ఆగు, ఈ మాటకు జవాబు చెప్పి పో!” అంటూ కారు దిగాడు. నేను ఆగలేదు. ఆయన కూడా నా పక్కన అడుగులేస్తూ వాదన అందుకున్నాడు.

తారురోడ్డు అయిపోయింది. పొలాల మధ్య నుంచి రాతిమెట్ల దారి పైకి పోతోంది. వెనకాల కారు తలుపు మెల్లగా మూసిన చప్పుడు వినబడింది. కాసేపటికి ఖాదర్ గొంతు, నా బూటు లేసు గురించి మాట్లాడుతున్నంత మామూలుగా, తెలుగులో వచ్చింది.

“సార్, వెనక్కి తిరగొద్దు. బాబా నడుస్తాండాడు. తెలిసినట్టు లేదు. మీరు వాదన ఆపొద్దండి.”

నాకు వెలిగింది. ఆయనకు జీతం లేదు, మొక్కు లేదు. వాదన సాగినంతసేపూ ఆయన నడుస్తాడు. ఆయన గడప దాకా నడిస్తే చాలు.

ముప్ఫై ఏళ్ల అనుభవమంతా అక్కడ పెట్టాను. కార్యమూ కారణమూ గురించి ఇరవై మెట్లు. సాక్ష్యం గురించి నలభై మెట్లు. మధ్యలో ఆయన ఆయాసపడితే నేను కూడా ఆయాసపడ్డాను. అప్పుడు ఆయన చొక్కా అంచు పైకి మడిచి, నా మోచెయ్యి పట్టుకుని, ఒక మాటన్నాడు.

“అసలు సంగతి విను. నీకు మొక్కు ఉన్నా తప్పే. దేవుడికి నీ కాళ్లనొప్పితో పనేముంది? నడిచి ఒళ్లు హింసపెట్టుకోమని ఆయన అడగలేదు.”

ఇందులో నేను కాదనాల్సింది ఏమీ లేదు. నా కరపత్రంలో ఉన్నది అదే. దేవుణ్ని తీసేస్తే. “నిజమే,” అన్నాను మనస్ఫూర్తిగా.

వాదన అయిపోయింది. అబూ ఫైసల్ ఆగిపోయాడు. అటూ ఇటూ చూసి, తానెక్కడున్నాడో గుర్తుచేసుకోబోతున్నాడు. ఇల్లు ఇంకా వంద మెట్ల పైన ఉంది.

“సార్!” అన్నాడు ఖాదర్ వెనక నుంచి. ఆ ఒక్క మాటలో రాయచోటిలో ఉన్న అతని ఇల్లంతా ఉంది.

అప్పుడు నేను చేసిన పని మా హేతువాద సంఘం వాళ్లకు తెలియకూడదు. “అలా ఎలా అంటారు?” అని గొంతెత్తాను. “మొక్కులో ఎంత మేలుంది! దిక్కు తోచని మనిషికి ఏదో ఒకటి చేశానన్న ధైర్యం వస్తుంది. ఇల్లు కదలని ఆడమనిషి ఆ వంకతో నాలుగు ఊళ్లు చూస్తుంది. మొక్కు గొప్పది!”

“ఏమిటీ!” అని ఆయన మెట్టెక్కాడు. “ధైర్యం కావాలంటే మంచి డాక్టరు దగ్గరికి పోవాలి! ఆడమనిషి ఊళ్లు చూడాలంటే మొక్కు దేనికి, మా ఇంట్లో వాళ్లలాగా కారు నేర్చుకుంటే సరి!”

నేను మొక్కును వెనకేసుకొచ్చాను. ఆయన మెట్టు మెట్టుకూ దాన్ని ఖండించాడు. జీవితమంతా నేను చెప్పిన వాదనలన్నీ ఆయన నోట విన్నాను. బాగున్నాయి. రెండు మూడు నాకంటే బాగా చెప్పాడు. ఆ వంద మెట్ల మీద నేను చిత్తుగా ఓడిపోయాను. అంత ఇష్టంగా ఎప్పుడూ ఓడిపోలేదు.

గడప దగ్గర అరుగు మీద కూలబడి, అబూ ఫైసల్ విజయగర్వంతో వేలెత్తాడు. “కాబట్టి, మనిషి మొక్కు కోసం నడవకూడదు.”

ఖాదర్ చేతులు కట్టుకుని చాలా వినయంగా అరబీలో ఏదో అడిగాడు. తర్వాత నాకోసం తెలుగులో చెప్పాడు. “బాబా, మరి మీరు దేనికి నడిచినారు అని అడిగినా సార్.”

అబూ ఫైసల్ కారు కోసం చుట్టూ చూశాడు. అది కింద, పొలాల అడుగున, అగ్గిపెట్టంత కనిపించింది. ఆయన చూపు కారు నుంచి మెట్ల మీదికి, మెట్ల నుంచి తన చెప్పుల మీదికి వచ్చింది.

“మా డాక్టరు నడవమన్నాడు,” అన్నాడు చటుక్కున.

“ఆ మాట చెప్పి రెండేళ్లయింది బాబా,” అన్నాడు ఖాదర్. “ఇంతవరకూ ఒక్క రోజు నడవలేదు.”

ఎప్పుడు నోరు మూసుకోవాలో ఈ ప్రయాణంలో కొంత నేర్చుకున్నాను. అబూ ఫైసల్ జేబులోంచి ఖర్జూరపు గింజ తీసి కాసేపు తిప్పాడు. తర్వాత ఇన్‌స్పెక్టరు గొంతుతో చెప్పడం మొదలుపెట్టాడు. వచ్చేవాళ్లకు రొట్టె కోతులకు అందకుండా కట్టివ్వాలి. కప్పు ఊపడం ముందే నేర్పాలి. దుప్పట్లు మోయించకూడదు. అన్నిటికంటే ముందు, నాకు ఏ మొక్కూ లేదు, ఏ కారణమూ లేకుండా నడుస్తున్నానని ప్రతివాడి చేతా కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి. లేకపోతే ఊళ్లో మేకలన్నీ తప్పిపోయి, ఇక్కడ జాతర జరుగుతుంది.

ఖాదర్ అప్పటికే లోపలి నుంచి కాగితమూ కలమూ తెచ్చాడు. అరబీలో ఆ ఒక్క వాక్యమే రాశాడు. మొదటి సంతకం నేను పెట్టాను. అతడు కాగితాన్ని కఫీల్ ముందుకు జరిపాడు.

అబూ ఫైసల్ కలం పట్టుకుని ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాడు.

“డాక్టరు చెప్పాడని రాసుకోకూడదా?” అని మెల్లగా అడిగాడు.

ఖాదర్ తల అడ్డంగా ఊపాడు. పదిహేనేళ్లలో ఆయనకు కాదని చెప్పడం అదే మొదటిసారని నాకు తర్వాత చెప్పాడు.

అబూ ఫైసల్ సంతకం పెట్టాడు.